మూడో బోల్టు మీద రెండు గీతలు

ప్రియమైన అక్కకి,

ముందు తిట్టెయ్యి, తర్వాత జవాబు రాయి. కారు కొనబోతున్నాను. పాతదే. టర్బో ఉన్న రకం.

నీ మరదలి నర్సు డ్యూటీని కొండ మీది ఆస్పత్రికి మార్చారు. రెండు బస్సులు మారి వెళ్లి, వార్డులో రోజంతా నిలబడి, మళ్లీ రెండు బస్సులు. ఇంటికొచ్చేసరికి కాళ్లు పీక్కుపోతున్నాయంటుంది. నా బైండింగ్ పని పదింటికి కదా, పొద్దున్నే దింపి రావచ్చు. ఇది ఊళ్లో అందరికీ చెప్పే కారణం.

నీకు అసలుది చెప్తాను. ప్రెస్సు మిషన్లు నా చెవులు తినేశాక బళ్లన్నీ నాకు ఒకటే అయిపోయాయి. అన్నీ మూగవే. మొన్న ఈ కారు అమ్మే ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క తొక్కు తొక్కాడు. ఎవరో వీపు మీద అరచెయ్యి పెట్టి ముందుకి తోసినట్టయింది. ఎన్నాళ్లకో ఒక ఇంజను నాతో మాట్లాడింది అక్కా.

ముప్పై ఏళ్లుగా గ్రీజులో ఉన్నదానివి. ఏమేం చూసి కొనాలో రాయి.

నీ చెవిటి తమ్ముడు

*

చిన్నోడా,

తిట్టమన్నావు కాబట్టి మొహమాటం లేదు. నలభై ఐదేళ్లొచ్చాయి, ఇంకా వీపు మీద తోసేవాళ్లు కావాలా నీకు?

విను. టర్బో అంటే ఇంజన్లోకి గాలిని కుక్కే చిన్న చక్రం. నడిచినంతసేపూ నిప్పులా కాగుతూ తిరుగుతుంది. ఆయిలు వేళకి మార్చనివాడి చేతిలో బతకదు. అలాంటి కారు కొన్నవాడెవడూ మెల్లగా నడపడు. ఉన్న జోరు చాలక గాలి ఒత్తిడి పెంచమంటాడు, అమ్మేముందు మళ్లీ మామూలుగా పెట్టించేస్తాడు. పైకేమీ తెలీదు. పడిన దెబ్బలు లోపలి పిస్టన్లకి తెలుస్తాయి.

ముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, స్టార్టింగులో వచ్చే రోగం కనపడకుండా నీకోసం ముందే వేడిచేసి పెట్టాడన్నమాట. వెనక్కి చూడకుండా వచ్చెయ్. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి వెనక నిలబడు. నీలం పొగ కనిపించినా వచ్చెయ్. మీటరు ఎంత తక్కువ చూపిస్తే అంత అనుమానించు, పెడల్ రబ్బర్లు ఎంత అరిగాయో చూడు. రంగు కొత్తగా ఉంటే ఎందుకు వేయించాడో అడుగు.

ఇన్ని చెప్పినా సగం జబ్బు శబ్దంలోనే తెలుస్తుంది. అది నీకు వినపడదు. పదిహేను రోజులు ఓపిక పట్టు, నేనే వచ్చి వింటాను.

గ్రీజు చేతులతో,
అక్క

*

ప్రియమైన అక్కకి,

పదిహేను రోజులు ఆగలేదు. ఇంకెవరో చూసి వెళ్లారన్నాడు. కొనేశాను.

నువ్వు చెప్పినవన్నీ చూశాను. బానెట్ వెచ్చగానే ఉంది, అబద్ధమెందుకు. అప్పుడే ఎక్కడికో వెళ్లొచ్చాడట. పొగ లేదు. రంగు కొత్తదే, ముదురు నీలం. చెవుల కోసం నీ మరదలిని తీసుకెళ్లాను. కుట్టుమిషన్లా హాయిగా ఉందంది.

నేను దేన్ని చూసి పడిపోయానంటే, బానెట్ ఎత్తితే ఇంజను పైమూత మీద ప్రతి బోల్టుకీ సన్నని ఆకుపచ్చ గీత. బోల్టు తల నుంచి మూత దాకా. గోళ్లరంగు. బిగించినవాళ్లు ఒక్కటి కూడా మర్చిపోకుండా గుర్తు పెట్టుకున్నారు. అంత శ్రద్ధ ఉన్న చెయ్యి పడిన బండి మోసం చెయ్యదు. దీని వెనక ఇంకో ముచ్చటుంది, నువ్వొచ్చాక చెప్తాను.

సోమవారం నుంచి కొండెక్కుతున్నాం.

నీ తమ్ముడు, కారు యజమాని

*

చిన్నోడా,

ఆ కారు నడపకు. కొండ అసలే ఎక్కించకు.

ఒక్కటి చూసి రాయి. ఎడమ నుంచి లెక్కపెడితే మూడో బోల్టు మీద గీత ఒకటుందా, రెండున్నాయా? ఎందుకో ఇప్పుడు అడక్కు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

రెండున్నాయి. అంత దూరం నుంచి ఎలా చెప్పావు?

నడపకు అంటే ఎలా? నీ మరదలు నా పక్కన కూర్చుని పండు తింటూ డ్యూటీకి వెళ్తోంది. కొండ మీద మొత్తం పదకొండు మలుపులు. ఏడో మలుపు తర్వాత నిటారుగా ఉంటుంది, అక్కడ తొక్కితే వీపు మీద ఆ చెయ్యి పడుతుంది. నాకు నవ్వొచ్చేస్తుంది. తను నన్ను చూసి నవ్వుతుంది.

ఎక్కేటప్పుడు టిక్కు టిక్కుమంటోందని నిన్న అంది. ముందున్న గడియారమై ఉంటుందన్నాను. గడియారం ఆగిపోయే ఉంది, తర్వాత చూశాను. నువ్వొస్తావు కదా, విందువుగానీ.

పొద్దునే నీ ఫోను వచ్చిందట వాళ్ల వార్డుకి. 'వదిన ఊరికే పలకరించడానికి చేశారు' అని రోజంతా సంబరపడింది.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

ఊరికే చెయ్యలేదు. చెప్దామనే చేశాను. దాని గొంతు వినగానే బాగున్నావా అని అడిగి పెట్టేశాను. కాగితం మీదైతే మొహం కనపడదు కాబట్టి రాస్తున్నాను.

ఆ కారు నాకు తెలుసు. అప్పుడు తెల్లగా ఉండేది. నాలుగేళ్ల కిందట నేను పనిచేసిన పాత షెడ్డులో దాని గాలి ఒత్తిడి పెంచింది నేనే, మొదటి ఓనరు అడిగితే. ఏడాది తిరక్కుండా మూడో పిస్టన్ అంచున వెంట్రుకంత పగులొచ్చింది. విప్పి చూపించాను. మార్చాలన్నాను. ఎలాగూ అమ్మేస్తున్నాను, మూసెయ్యమన్నాడు. షెడ్డాయన కూడా మూసెయ్యమన్నాడు. ఒత్తిడి తగ్గించి మూసేశాను.

ప్రతి బోల్టూ సరిగ్గా బిగించాను. గీతలు గీశాను. చేతులు ఊరుకోక మూడోదాని మీద రెండో గీత గీశాను. ఎవరైనా మెకానిక్ చూస్తే అనుమానిస్తాడులే అనుకున్నాను. ఆ గీతకి అర్థం నాకు తప్ప ఇంకెవరికీ తెలీదని అప్పుడు తట్టలేదు అని రాయబోయాను. తట్టింది. అయినా గీశాక మనసు తేలికపడింది. ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

ఆ టిక్కు టిక్కు పిస్టనే. కారు పక్కన పెట్టెయ్. శనివారం బస్సుకి వస్తున్నాను.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. కారు బుధవారమే ఆగిపోయింది.

ఏడో మలుపు దాటాం. నీ మరదలు నా భుజం పట్టి ఊపింది. మలుపుకి భయపడిందనుకుని, ఏం కాదులే అని చెయ్యూపాను. రోడ్డు మీద నుంచి కళ్లు తియ్యలేదు. ఆపు, ఆపు అని అరిచిందట. లోపల సుత్తితో కొడుతున్నట్టు వినపడిందట తనకి. నాకు తెలిసింది ఒక్కటే, వీపు మీద చెయ్యి పోయింది. తర్వాత పొగ. ఇంజను చచ్చాక బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడి, ఎంత తొక్కినా దిగలేదు. కారు వెనక్కి జారి, తను కూర్చున్న వైపు రోడ్డు పక్క గోడకి కొట్టుకుంది.

ప్రాణానికేం ఫరవాలేదు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. వేళ్లు మునుపటిలా కదులుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. సూదులు వేసే చెయ్యి అది. నీ ఉత్తరం తనకింకా చూపించలేదు. వదినొస్తున్నారా అని అడిగింది. వస్తోందన్నాను.

ముచ్చటుందని రాశాను కదా. బానెట్ వెచ్చగా ఉందని తెలియగానే వెనక్కి తిరిగాను అక్కా, నువ్వు చెప్పినట్టే. ఆయనే పిలిచి, ఒక్కసారి లోపల చూడమని ఎత్తాడు. ఆకుపచ్చ గోళ్లరంగు పూసే మెకానిక్కులు ఎంతమందుంటారు? చూడగానే పోల్చుకున్నాను. నా చిన్నప్పటి సైకిలుకి నట్లన్నీ బిగించి, ఒక్కొక్కదాని మీదా గీత గీసి, 'ఇక పో, ఏం కాదు' అనేదానివి. నువ్వొచ్చిన రోజు నీ చేతే బానెట్ ఎత్తించి, నీ మొహం చూసి నవ్వుదామని దాచాను. పొగా, రంగూ పేరుకే చూశాను. మూడోదాని మీద రెండు గీతలుంటే, నా అక్క ఒకసారి ఎక్కువే చూసుకుందనుకున్నాను.

నిన్ను తిడదామని రెండు కాగితాలు పాడుచేశాను. తిట్టు రాలేదు. క్షమించానని రాద్దామనుకున్నాను, అదీ రాలేదు. నువ్వైతే రా. పానాలు తేకు.

ఆ సైకిలు ఇప్పటికీ మెట్ల కింద ఉంది. పనికి దాని మీదే వెళ్తున్నాను. గీతలు కొంచెం వెలిసినా ఉన్నాయి. ఇవాళ పొద్దున ఎక్కబోయి చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను. ఆ నట్లు ఇంకెవరికైనా చూపించుకోవాలా అక్కా?

నీ తమ్ముడు