మస్టరులో ఆ శుక్రవారం

కర్నూలు,
5 జూన్ 1955, ఆదివారం.

ప్రియమైన జీవమ్మక్కకు తమ్ముడు లాజరు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, పాపా, మీ అత్తమ్మా కూడా అక్కడ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చుని, నాలుగుసార్లూ లేచిపోయాను. ఈరోజు గుడి నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాను. ఇక లేవను.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. తిండికి లోటు లేదు. సెలవులకు హాస్టలు మూసేశారు కాబట్టి పాస్టరు గారు గుడి వెనక గదిలో ఉండనిచ్చారు. రాజధాని అయ్యాక ఈ ఊళ్ళో గది దొరకడమే కష్టం. సర్కారు గుమాస్తాలే డేరాల్లో కాపురం ఉంటున్నారు. ఎండకు నది ఎండిపోయి ఇసుకలో చెలమలు తవ్వుకుంటున్నారు. పాపకు గౌనుగుడ్డ కొన్నాను, పూలది. వచ్చేటప్పుడు తెస్తాను.

ఆడిటరంటే పోలీసు వంటివాడా అని అడిగావు. కాదక్కా. కంపెనీలవాళ్ళు ఏడాదంతా రాసుకున్న పుస్తకాలు ఆయన దగ్గరికి తెస్తారు. ఆయన కింద పనిచేసేవాళ్ళు ఒక పుస్తకం పక్కన ఇంకొకటి పెట్టుకుని చూసి, సరిపోయిన ప్రతి వరుసకూ పచ్చ పెన్సిలుతో టిక్కు పెడతారు. చివర ఆయన సంతకం చేస్తారు. ఆ సంతకం పడిన పుస్తకాన్ని సర్కారు నమ్ముతుంది. కామర్సు చదివేవాళ్ళం ఇలాంటి ఆఫీసులో ఆరు వారాలు పనిచేసి, బాగా చేశాడని కాగితం తెచ్చుకోవాలి. అది లేకపోతే పై ఏడు నా ఫీజు మిషనువాళ్ళు కట్టరు. ఆ ఆరు వారాలు నిన్నటితో అయిపోయాయి.

నన్ను నరసన్న అనే పెద్ద గుమాస్తా పక్కన కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ళ సర్వీసు. మంచివాడే. మొదటి రోజే తన సద్దిలోంచి జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టి, "తినప్పా, ఎండకు కండ్లు తిరిగి పడిపోతావు" అన్నాడు. నేను ఎవరో, ఏ ఇంటివాడినో తెలిసే పెట్టాడు. అది నేను మరిచిపోలేదు.

ఇక నీ ఉత్తరంలో చివర, బావ గనిలో పోయిన రోజు గురించి రాసిన మాట. "ఆయప్ప ఆ పొద్దు పనికే రాలేదని కంపెనీవాళ్ళు రాసినారు. దొంగతనంగా రాయి ఏరుకోను పాతగుంతలోకి దిగినాడంట. అత్తమ్మ కూడా ఆ మాటే నమ్ముతాండాది. నా చేతి సంగటి కట్టుకోని పోయిన మనిషి పనికి పోకుండా యాడికి పోయినాడు లాజరూ?" అని రాశావు. ఆ మాటకు జవాబు నా దగ్గర ఇప్పుడు ఉంది.

మూడో వారంలో బావ పనిచేసిన గని పుస్తకాలు మా ఆఫీసుకు వచ్చాయి. పెట్టె మీద పేరు చూడగానే గుర్తుపట్టాను. గని తరఫున లెక్కలు రాసే మహానంది అనే రైటరు వాటిని తెచ్చి దించిపోయాడు. నాకు ఇచ్చింది మస్టరు, అంటే కూలీల హాజరు పుస్తకం. వచ్చిన రోజు 'హా' అని, రాని రోజు 'గై' అని రాస్తారు. ఫిబ్రవరి పుట తీశాను. 'ఏసేపు' అని బావ పేరు పదకొండో వరుసలో ఉంది. పద్దెనిమిదో తేదీ, శుక్రవారం. గడిలో 'గై' అని ఉంది.

జనవరి పుట, మార్చి పుట చెమటకు నలిగి, రోజుకో రంగు సిరాతో ఉన్నాయి. ఫిబ్రవరి పుట మాత్రం కడిగినట్టు ఉంది. నెలంతా ఒకే సిరా, ఒకే చెయ్యి. ఆ పుట ఎవరో తర్వాత తిరగరాశారనిపించి, మూడు పుటలూ మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను.

"ఏమప్పా, అంతసేపు ఏం చూస్తాండావు?" అన్నాడు నరసన్న.

చెప్పాను. చనిపోయినవాడు మా బావ అని కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూలి పుస్తకంలో ఆ పొద్దు కూలి ఉండాదా?"

"లేదు."

"మస్టరులో గై, ఈడ కూలి లేదు. రెండూ సరిపోయినాయి గదా. మనం చూసేది అంతే నాయనా. చుట్టమని మాత్రం యాడా అనొద్దు. అన్న్యావంటే నీ మాట అసలే చెల్లదు."

ఆ వరుస వదిలేసి మిగతావి చూశాను. రెండు రోజుల తర్వాత పెట్టె అడుగున పనిముట్ల పుస్తకం దొరికింది. పొద్దున ఎవరికి ఏ సామాను ఇచ్చారో, సాయంత్రం తిరిగి ఇచ్చారో లేదో అందులో రాస్తారు. దాన్ని మార్చాలని వాళ్ళకు తోచినట్టు లేదు. నలభై మూడో పుట. ఫిబ్రవరి పద్దెనిమిది. 'ఏసేపు, సుత్తి ఒకటి, ఉలి ఒకటి.' పక్కన వేలిముద్ర. తిరిగి ఇచ్చిన గడి ఖాళీగా ఉంది.

అక్కా, ఆ వేలిముద్రకు నడిమధ్య తెల్లటి గీత ఉంది. సుత్తి దెబ్బకు బావ బొటనవేలు చీలిన మచ్చ నీకు తెలుసు, నాకూ తెలుసు. బావ ఆ రోజు పనికే పోయాడు. నేను కళ్ళారా చూశాను. మీ అత్తమ్మకు ఈ ముక్క బిగ్గరగా చదివి వినిపించు.

ఆ పుస్తకం తీసుకుని ఆడిటరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన మస్టరూ, అదీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగా పట్టుకున్నావు" అన్నారు. ఆ క్షణంలో నీకు న్యాయం జరిగిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు మహానందిని పిలిపించారు. అతను నవ్వుతూనే ఉన్నాడు. "ఇంకో ఏసేపు ఉండాడు సార్. రాతలో తప్పు. పుస్తకం ఇస్తే సరిజేసి తెస్తా" అన్నాడు.

"సార్, ఇవ్వకండి" అన్నాను. ఆడిటరు గారు నావైపు ఒకసారి చూసి, పుస్తకం ఇచ్చేశారు. వారం గడిచినా అది రాలేదు. అడిగితే చెదలు తిన్నాయని కబురు వచ్చింది.

మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తలేదు. "పుస్తకం లేనిదే నేనేం రాయగలను? అది వాళ్ళ పుస్తకం. అడిగితే ఇవ్వక తప్పదు. నువ్వు మస్టరు ముగించు. ఒక్క వరుస ఖాళీగా ఉన్నా కింద నీ పొడి సంతకం పడదు. అది పడకపోతే నీ పని పూర్తయిందని నేను రాయలేను." కోపంగా అనలేదక్కా. కోప్పడినా నాకు కొంత బాగుండేది.

నేను రాయబోయి నాలుగుసార్లు లేచిపోయింది ఇక్కడే. ఆ పుస్తకం దొరికిన రోజు ఒక పూటంతా నా బల్ల మీదే ఉంది. ఆ పుట చింపి జేబులో పెట్టుకోవచ్చు. నరసన్నకు చూపించి సాక్ష్యం పెట్టుకోవచ్చు. ఏదీ తోచలేదు. పెద్దాయన చేతిలో పెడితే చాలనుకున్నాను. ఆ తర్వాత, మొన్న శుక్రవారం మధ్యాహ్నం, పదకొండో వరుసలో బావ పేరు పక్కన, ఆ 'గై' మీద నా చేత్తోనే పచ్చ టిక్కు పెట్టాను. పుట కింద నా పొడి సంతకం చేశాను. నరసన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నిన్న నాకు కాగితం ఇచ్చారు. శ్రద్ధగా, నమ్మకంగా పనిచేశాడని రాశారు.

నాన్నకు ఇది ఇంకా చెప్పలేదు. నీకు చెప్పకుండా ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

వచ్చే నెల నష్టపరిహారం ఆఫీసరు కడపకు వచ్చి నీ అర్జీ వింటాడని రాశావు. బావ పనిలో ఉండగా పోయాడని తేలితేనే ఆ డబ్బు ఇస్తారు. నేను వస్తాను. నలభై మూడో పుట సంగతి, వేలిముద్ర సంగతి ఆయన ముందు నిలబడి చెబుతాను. కంపెనీ వకీలు అప్పుడు మస్టరు తెరిచి, ఈ టిక్కు ఎవరిదని నన్ను అడుగుతాడు. నాదేనని చెప్పాలి. ఆ పైన ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు, అక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
లాజరు