మూడో నంబరు డిస్కు

తెనాలి, సోమవారం

ప్రియమైన తమ్ముడు సారథికి,

ఫోన్‌లో చెబితే మీ బావగారు వింటారు. ఆపరేషన్‌తో గొంతు పోయింది గానీ, చెవులు మాత్రం పాము చెవులే. అందుకే ఈ ఉత్తరం, రోజూ రైల్లో తిరిగే యోబు చేతికిస్తున్నాను.

ఆదివారం రేపల్లె నుంచి ఆయన పాత శిష్యులొస్తున్నారు. వాళ్లకి ఆయన చదివిన పద్యాలు వినిపించాలని నా ఆశ. ఆ ముసలి కంప్యూటరేమో ఆన్ అవడమే మానేసింది. నువ్వు విప్పి బల్లమీద పెట్టిన మూడు డిస్కులూ అక్కడే ఉన్నాయి. ఏది ఎలా పెట్టాలో రాయి నాయనా. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

నీ అనంతక్కయ్య

బాపట్ల, మంగళవారం

ప్రియమైన అక్కయ్యకి,

సెలవు దొరకలేదు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి. ఒక్కో డిస్కూ పదే జీబీ, చోటు చూసుకుని వాడాలి. ఒకటో నంబరుదాన్ని రెండు పార్టిషన్లు, అంటే రెండు ముక్కలు చెయ్యాలి: ఆరు జీబీ సిస్టమ్‌కి, నాలుగు ఫొటోలకి. రెండోది కాగితాలకి. మూడోది బావగారి పద్యాలది, దాని జోలికెళ్లకు.

ముందు ఒకటోది మాత్రమే తగిలించి, ఈ పెన్‌డ్రైవ్ పెట్టి, అడిగినదానికల్లా సరే అను. ఉన్నదంతా చెరిపేస్తుంది, కంగారుపడకు, అది ఖాళీదే. నంబర్లు స్కెచ్ పెన్నుతో రాశాను, చూసుకో.

నీ తమ్ముడు, సారథి

తెనాలి, బుధవారం

సారథీ,

కొంప మునిగిందిరా! దసరాకి ఇవీ పనిముట్లే కదా అని డిస్కుల్ని తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టాను. నీ నంబర్లు పోయాయి. పోనీ ఆగానా? వరుసలోనే ఉన్నాయిలే అని ఎడమపక్కది తగిలించి అన్నిటికీ సరే అన్నాను. రెండు ముక్కలు చేసింది. అంతలో కరెంటు పోయింది.

కరెంటొచ్చాక నీ పెన్‌డ్రైవ్‌తోనే మిగతావి తెరిచి చూశాను. ఒకటి ఖాళీ, ఇంకోదాన్లో కాగితాలు. అంటే నేను చెరిపింది మూడోదేరా! నా చేతులు విరిగిపోను. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటున్నారు, ఆ మొహం చూడలేకపోతున్నాను. అన్నం సహించట్లేదు. డిస్కు యోబుకిస్తున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క పద్యమైనా బతికించు.

అక్కయ్య

బాపట్ల, శుక్రవారం

ప్రియమైన అక్కయ్యకి,

కరెంటు పోయి మేలు చేసింది, ఫైళ్లు చాలావరకు తిరిగొచ్చాయి. కానీ బావగారి పద్యం ఒక్కటీ లేదు. అన్నీ నీ పాటలే! వంటింట్లో పోపు చప్పుడు, నువ్వు పాడుతుంటావు. గంటలు గంటలు. తేదీలన్నీ ఆపరేషన్‌కి ముందు వారానివి. ఏంటిది? పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను, టీవీకి తగిలించుకో. బావగారికి చెప్పెయ్యి, ఇంక దాచకు.

సారథి

తెనాలి, శనివారం

ప్రియమైన తమ్ముడికి,

చెప్పేశాను. ఆయన పలక తీసుకుని రాశారు: "నా పద్యాలు నేనే తీసేశాను. పది జీబీలో అవీ, నేను రికార్డు చేసిన నీ పాటలూ రెండూ పట్టలేదు." ఎవరడిగారని ఏడ్చాను, తిట్టాను. తుడిచి మళ్లీ రాశారు: "నావి ఎలా ఉంటాయో నాకు తెలుసు."

ఇద్దరం కూర్చుని విన్నాం. నాలుగో పాటలో చెయ్యి కాలి ఆగిపోయాను. అప్పుడు, దగ్గర్నుంచి, ఆయన గొంతు: "ఆపేశావేంటే? పాడు." అంతే. మిగతాదంతా వెతికాను, ఇంకెక్కడా లేదు. రేపు శిష్యులకి అదే వినిపిస్తాను.

నీ ప్లాను మార్చరా. సిస్టమూ, ఫొటోలూ తర్వాత. మూడు డిస్కుల్లోనూ ముందు ఆ రెండు మాటలకి చోటు తియ్యి. నంబర్లు ఈసారి మేకుతో గీకు.

నీ అక్కయ్య