దుశ్శాసనుడికి ద్రౌపది వేషం

4-5-81
పుత్తూరు ట్రిప్పు. మునిలక్ష్మి నా బస్సే ఎక్కింది. చింతపండు మూట తలుపుకాడ అడ్డం పెట్టింది. కండక్టర్‌కు పెండ్లామైనా ప్యాసింజరే. నోటికొచ్చినట్టు తిట్టి నడిదావలో దింపేసినాను. బస్సు నిండా జనం. ఒక్కరూ నోరు తెరవలే.

5-5-81
ఇంట్లో లేదు. వడమాలపేటకు, వాళ్ళమ్మింటికి పోయిందంట. పోనీ. ఎన్నాళ్ళుంటాదో నేనూ సూస్తా.

11-5-81
బామ్మర్ది మునస్వామి బస్సెక్కినాడు. అక్క ఇంక రానంటా ఉండాదని చెప్పి, టికెట్ తీసుకోకుండానే దిగిపోయినాడు. అడగలేకపోయినాను.

14-5-81
సద్దన్నం, ఊరగాయ. మూడో దినం.

17-5-81
మా ఊర్లో భారతం నాటకాలు మొదలైనాయి. తొమ్మిదేండ్లుగా నాది దుశ్శాసనుడి వేషం. నేను కనబడితే పిలకాయలు ఏడుస్తారు. ఈ యేడు ద్రౌపది కట్టే ఓబయ్యకు గొంతు పోయింది. పాటలన్నీ నీకు నోటికొచ్చు కదప్పా, నువ్వే కట్టల్ల అన్నాడు మాకు నాటకం నేర్పే ఆదిమూలం. మీసం తీసేసినాను. అద్దంలో అచ్చం మా అత్త మాదిరి ఉండాను. థూ!

22-5-81, పొద్దున 7
రాత్రి వస్త్రాపహరణం. దుశ్శాసనుడు వెంకటముని. జుట్టు పట్టి ఎట్లా ఈడ్సల్లో వానికి నేర్పింది నేనే. సవరం నా సొంత జుట్టుకే బిగించి కట్టినారు. వాడు ఈడిస్తే ప్రాణం పోయిందనుకో.

పెద్దలారా, ఒక్కరైనా అడగరా అని సభను సూసి పాడల్ల. తొమ్మిదేండ్లు ఆ పాట పక్కనే నిలబడి, మీసం దువ్వుకుంటా విన్నాను. ఇప్పుడు నేను పాడతాంటే భీష్ముడి వేషం కట్టిన మా పెదనాయన తల దించుకున్నాడు. నేర్పించింది అట్లనే. కానీ నాకు బస్సు గుర్తొచ్చింది. ఆ పొద్దు గూడా అందరూ కిటికీల్లోంచి బయటికే సూస్తా కూర్చున్నారు. మునిలక్ష్మి ఒకర్తే మూట ఎత్తుకుని దిగింది. నేనెంత పాపిష్టోణ్ణి!

పాట మరిచిపోయినాను. ఏడుపు ఆగలే. జనం ఒకటే చప్పట్లు. ఏం కట్టినాడబ్బా అంటా ఉండారు. వేషం కాదని ఎవరికి చెప్పేది.

24-5-81
వడమాలపేటకు పోయినాను. మీసం లేని నన్ను సూసి మా అత్త దేవకమ్మ నవ్వాపుకోలేకపోయింది. మునిలక్ష్మి నవ్వలే. తప్పయిందన్నాను. నువ్వు తిట్టింది యాడ, తప్పని చెప్పేది యాడ అని అడిగి లోపలికి పోయింది.

27-5-81
వడమాలపేట స్టాపు. మునిలక్ష్మి ట్రంకుపెట్టెతో ఎక్కింది. బస్సు కదలనీకుండా అందరి ముందర చెప్పేసినాను, నా పెండ్లాన్ని ఈ బస్సులోనే అవమానం చేసినాను, తప్పు నాదే అని.

వెనక సీటోళ్ళకు వినబళ్ళేదంట. మళ్ళా చెప్పినాను.