పిచ్చుక పాల పాట

కాలేజీ వసతిగృహం,
శనివారం సాయంత్రం.

పూజ్యులైన నాన్నగారికి, మీ ద్వారా సంఘ పెద్దలకు, బల్లల మీద సర్దుకుని కూర్చున్న అత్తలకు, మామయ్యలకు, ముందు వరుసలోని నాయనమ్మకు వందనాలు.

ఆరాధన జరుగుతుండగా స్పీకర్ తీగ పీకి దేవుని స్తుతిని అడ్డుకున్నానన్నది నా మీద మీరు మోపిన అభియోగం. సంజాయిషీ ఇచ్చేదాకా మందిరం గడప తొక్కవద్దన్నారు కనుక ఉత్తరం రాస్తున్నాను. సంఘానికి వచ్చిన ఏ ఉత్తరాన్నైనా కార్యదర్శి నిలబడి చివరి అక్షరం దాకా చదవాలన్న నియమం కార్యదర్శిగా మీరు పెట్టిందే. దయచేసి మధ్యలో దగ్గవద్దు.

తీగ ఊడింది నిజం. పాట ఆగింది నిజం. స్తుతికి అడ్డు తగిలిందన్నది మాత్రం అబద్ధం.

మందిరం పక్కగదిలో నెలలు నిండకుండా పుట్టిన ఒక పసిబిడ్డ ఉంది. మింగడం ఇంకా రాదు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టంలోకి సిరంజితో పాలు పట్టాలి. తల్లి ఇళ్లలో గిన్నెలు తోముతుంది. వాళ్ల రేకుల గదిలో చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు, బిడ్డ దగ్గర కూర్చోవడానికి మనిషి లేదు. ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమంటే ఏ ఇంటికని ఆ తల్లి అడిగింది. మన పాస్టరమ్మగారు పక్కగది తాళం తీశారు. గుప్పెడంత ఉండి గోల మాత్రం ఆకాశమంత చేస్తోందని కుట్టుమిషను అత్త ఆ బిడ్డకు పిచ్చుక అని పేరు పెట్టింది.

పాలు నిదానంగా పోవాలని, తొందరపడితే పైకి పొంగి ఊపిరితిత్తుల్లో దిగుతాయని నర్సు వదిన హెచ్చరించింది. నిదానమంటే ఎంత? పాలు పట్టడానికి వంతులు వేసుకున్న మన సంఘం ఆడవాళ్లలో ఒకరికి గడియారం ఆనదు, ఇంకొకరికి ఓపిక ఆగదు. దారి చెప్పింది నాయనమ్మే. మన పాత సాయంకాల కీర్తన ఎత్తుకోండి, పాటా పాలూ కలిసి ముగియాలి, ముందే ముగిస్తే మీ వీపు విమానం మోత మోగుతుంది అంది. అప్పటి నుంచి పిచ్చుక పాట తాగి పెరుగుతోంది.

పోయిన ఆదివారం కొత్త డ్రమ్ములతో, కొత్త స్పీకర్లతో మన యువజనులు అదే కీర్తనను రైలు తప్పిపోతున్నట్టు పరుగెత్తించారు. పక్కగదిలో వంతు కుట్టుమిషను అత్తది. ఆ పాటకు అలవాటుపడ్డ వేళ్లు కదా, గోడ అవతలి దరువుకే సిరంజిని నొక్కేశాయి. పాలు పొంగాయి. బిడ్డ పెదాలు నీలమయ్యాయి. అత్త పెట్టిన కేక, తలుపు పక్కనే కూర్చున్న నాకూ నాయనమ్మకూ తప్ప, ఆ హోరులో ఎవరికీ అందలేదు. తీగ ఊడాకే అది నర్సు వదిన చెవిన పడింది. ఆమె బల్లలు దాటుకుని వచ్చి, బిడ్డను బోర్లా తిప్పి, వీపు తట్టింది. పిచ్చుక ఏడ్చింది. ఆ ఏడుపును మించిన స్తుతి ఆ పూట మందిరంలో ఏం వినబడిందో పెద్దలే చెప్పాలి.

ఆగిన పాటను మళ్లీ ఎత్తుకోవచ్చు. ఆగిన ఊపిరిని ఎత్తుకోగలమా?

మందిరం ఆసుపత్రి కాదు, పిల్లను పంపేద్దామని కిరాణా మామయ్య అన్నారట. మామయ్యా, మందిరం నాటకశాల కూడా కాదు. కాలేజీ డిబేట్లలో వాదించి వాదించి నాకు నోరు లేచిందని నాన్నగారు అన్నారట. ఈ నోరు ఎవరి వైపు నుంచి వచ్చిందో అమ్మను అడగండి. క్షమాపణ కోరారు. చెప్పను.

మీ మీద నిండు గౌరవంతో, మీ తీర్మానం మీద రవ్వంత కూడా లేకుండా,
మీ కూతురు.

తా.క.: ఆగకండి నాన్నగారూ, ఇదీ ఉత్తరంలో భాగమే. తీగ పీకింది నేను కాదు, మీ అమ్మ. పీకి, నా చేతిలో పడేసి, లోపలికి పరుగెత్తింది. మీరు తిరిగి చూసేసరికి తీగతో నేనున్నాను. అప్పుడే చెప్పబోతే నాయనమ్మే వద్దంది. నా పేరు వింటే వీడు ముసలిదాని చాదస్తమని నవ్వి ఊరుకుంటాడే, పిల్లను మాత్రం చడీచప్పుడు లేకుండా పంపేస్తాడు, నింద నీ మీదే ఉండనీ, సంగతి నలుగురి ముందుకూ రానీ అంది. వచ్చింది. మేమిద్దరం అనుకున్నట్టే ఇప్పుడామె మీ ఎదుటే ఉంది; ఒళ్లో పిచ్చుక ఉంది. ఆ గది ఖాళీ చేయించాలనుకునేవాళ్లు లేచి రండి. ఆ మాట ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పండి. చెప్పలేకపోతే, ఆ పాత కీర్తన అందుకోండి, నిదానంగా. బిడ్డకు పాల వేళయింది.