పాలిస్టర్ కిల్టు కుచ్చిళ్లు

12 నవంబరు 2005, శనివారం, దుబాయ్

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. హోటల్లో బ్యాగ్‌పైపులు ఊదేవాళ్లకు ఇన్నాళ్లూ ఉన్ని కిల్టులు, అంటే మోకాలిదాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల లంగాల్లాంటివి, ఉండేవి. ఈసారి పాలిస్టర్‌వి తెప్పించారు. కుచ్చిళ్లు చెదరకుండా ఉతికేముందే దారంతో కుట్టి పెట్టాను. ఇస్త్రీకి తీసేసరికి మా లాండ్రీ సూపర్‌వైజర్ రషీద్ భాయ్ వచ్చి ఆ దారాలన్నీ పీకేశాడు.

"గివన్ని ఎందుకురా? పాలిస్టర్‌కు ఏం గాదు. వేడి పెంచి ఇస్త్రి చెయ్యి, యల్లా, జల్ది!"

చెప్పినట్టే వేడి పెంచి చేశాను. మొదటి కిల్టుకే కుచ్చిళ్లు పక్కకు జరిగి, ఆ వేడికి వంకరగానే బిగుసుకుపోయాయి. ఉన్నికైతే తడిగుడ్డ వేసి సరిచేసేవాణ్ణి. దీనికి ఆవిరి కూడా పనిచేయలేదు.

"నీకు ఇస్త్రి రాదుర," అన్నాడు అందరి ముందూ. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను!

ఆ వంకర ఇక పోదు. ఆ బట్ట చిరగదు కూడా. వారం వారం నా బల్ల మీదికే వస్తుంది.