వెనక బోల్టుల మీద ఎర్ర గీత

సెప్టెంబరు 4, ఆదివారం

మా అమ్మాయి మౌక్తిక కొన్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఇవాళ చూశాను. రెండే సీట్లు. డిక్కీలో కూరల సంచి కూడా పట్టదు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, దాచుకున్న జీతమంతా దీని మీద పెట్టింది. నా ఇంటి లెక్కల్లో దీనికి పద్దు లేదు.

పద్దెనిమిదిన ఊరి బయట పాత ఎయిర్‌స్ట్రిప్ మీద పోటీ ఉందట. ఈలోగా కారు ఎత్తు తగ్గించాలట. ఉన్న ఎత్తుకేం లోటని అడిగాను. మలుపులో ఒరుగుతోందంది.

ఆ మాట నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 11, ఆదివారం

గ్యారేజీల పేట టికియాపారాలో మా తమ్ముడు ప్రేమ్‌సాగర్ గ్యారేజీ. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాను. కూతురు ఏం చేస్తోందో నా కళ్లతో చూడాలి.

పోటీలో మౌక్తిక దిగే క్లాసులో కంపెనీ స్ప్రింగులే ఉండాలి. అందుకని స్ప్రింగులు పాతవే, కుదుపు ఆపే షాకులు మాత్రం బయట కొన్నవి. కొత్త షాక్ ఒంటి మీద వరసగా గాడులున్నాయి. స్ప్రింగు కూర్చునే పళ్లాన్ని కింది గాడిలోకి మారిస్తే కారు అంత మేర దిగుతుంది. కిటుకు ఇంతే. అర్థమయ్యాక భయం కాస్త తగ్గింది.

స్ప్రింగును నొక్కిపెట్టేటప్పుడు మళ్లీ పెరిగింది. రెండు పక్కలా పొడవాటి స్క్రూలు తగిలించి తిప్పుతుంటే అది మూలుగుతూ కుదించుకుపోయింది. జారితే తల పగులుతుందని ప్రేమ్‌సాగర్ నన్ను గోడ పక్కకు పంపాడు. మౌక్తికను పంపలేదు. స్క్రూ తిప్పుతున్నది అదే.

సెప్టెంబరు 14

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో స్ప్రింగు మూలిగింది.

సెప్టెంబరు 16, శుక్రవారం

ఇవాళ నాకూ పని దొరికింది.

మా ఆయన సంత్రాగాఛి రైల్వే షెడ్డులో ఫిట్టరు. అక్కడ బిగించిన బోల్టు మీంచి పక్క ఇనుము మీదకి రంగు గీత గీస్తారని, బోల్టు కదిలితే గీత విరిగి తెలిసిపోతుందని ఎప్పుడో చెప్పారు. గ్యారేజీలో రంగు లేదు. నా హ్యాండ్‌బ్యాగులో ఎర్ర నెయిల్ పాలిష్ ఉంది. మౌక్తిక టార్క్ రెంచితో బిగిస్తుంది, సరిపడా బిగువు రాగానే రెంచి టక్కుమంటుంది, నేను గీత పెడతాను. చప్పుడు వినకుండా ఒక్కదానికీ పెట్టలేదు. దీదీ బ్యూటీపార్లర్ తెరిచిందని బెంగాలీ మెకానిక్కులు నవ్వుకున్నారు.

వెనక షాకుల కింది బోల్టులు రెండూ మాత్రం కారు నేల మీద నిలబడ్డాకే బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుందట. కారును కిందికి దించేసరికి సాయంత్రమైంది. రేపటి విశ్వకర్మ పూజకు పళ్లు కడగమని నన్ను పిలిచారు. వెళ్లాను.

సెప్టెంబరు 17, శనివారం, సాయంత్రం

పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగాను. వెనక బోల్టుల మీద గీతలు లేవు.

నేను మరిచిపోయానా అనుకున్నాను. లేదు. ఆ రెండు చప్పుళ్లూ నేను వినలేదు.

మౌక్తిక బిగించిందనుకున్నానన్నాడు ప్రేమ్‌సాగర్. మావయ్య బిగించాడనుకున్నానంది మౌక్తిక. నిన్న సాయంత్రమే పనివాళ్లు సామాన్లన్నీ కడిగి, ఎర్ర దారాలు కట్టి, విగ్రహం ముందు పేర్చేశారు. రేపు నిమజ్జనమయ్యేదాకా ఎవరూ ముట్టరు. టికియాపారా అంతా అంతే. ఇవాళ అడిగి తెచ్చుకోవడానికి ఒక్క స్పానర్ దొరకదు.

కారును సాయంత్రం ఐదింటిలోగా ఎయిర్‌స్ట్రిప్ దగ్గర చెకింగ్‌కి ఇవ్వాలి.

"సేత్తో బిగించీసే ఉన్నాయక్కా, ఊడవు," అన్నాడు ప్రేమ్‌సాగర్. నీ కూతురయితే ఇలాగే పంపుతావా అని అడిగాను. దేవుడి ముందున్న సామాను తీస్తే రేపటి నుంచి పనివాళ్లు గ్యారేజీలో అడుగు పెట్టరన్నాడు. మౌక్తిక రెంచి వైపు చూసింది, పూజకి వచ్చిన వాళ్ల నాన్న వైపు చూసింది, వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంది. నెమ్మదిగా పోతాను, అక్కడ ఎవరినైనా అడుగుతాను అంది. అక్కడిదాకా హైవే. పక్కన లారీలు.

మా ఆయన సర్వీసంతటిలో పూజనాడు స్క్రూడ్రైవరు కూడా ముట్టని మనిషి. నేను విగ్రహం వైపు నడుస్తుంటే నా ఉద్దేశం గ్రహించారు.

"ముట్టుకోకే. పిల్ల మీదకొస్తాది."

"ముట్టుకోపోతే రాదేటి?" అన్నాను.

రెంచి తీశాను. బంతిపూల రేకులు రాలాయి. ఢాక్ డోళ్లు వాయిస్తున్నవాళ్లు ఆగిపోయారు. గాజులు తీసి పక్కన పెట్టి పట్టుచీరతోనే నేల మీద పడుకున్నాను. కారు కిందికి దిగిపోయింది కాబట్టి తల దూరలేదు, చెయ్యి దూరింది. మౌక్తిక దిగివచ్చి రెంచి అందుకోబోతే తోసేశాను. ముట్టిన దోషమేదో ఒక్కరికే ఉండాలి. ఎటు తిప్పాలో మాత్రం చెప్పమన్నాను.

టక్. రెండో వైపుకి పాక్కుంటూ వెళ్లాను. టక్.

గీతలు పెట్టాను. చూడకుండా తడుముతూ పెట్టేసరికి ఒకటి వంకర పోయింది.

నిమ్మకాయలు చితికాయి. కారు వెళ్లింది. ఇంటికి రావడానికి ఆయన నేనెక్కిన టోటో రిక్షా ఎక్కలేదు.

చేరానని ఇప్పుడే మౌక్తిక మెసేజ్ పెట్టింది. కానీ పోటీ రేపు.

సెప్టెంబరు 18, ఆదివారం

పొద్దున ఆయన నిమజ్జనానికి వెళ్లి వచ్చారు. పలకలేదు.

నిన్నటిదాకా ఏదైనా జరిగితే బోల్టుల తప్పు. ఇప్పుడు టైరు పేలినా, వానకు జారినా, ఎదుటివాడు వచ్చి గుద్దినా నా తప్పే. తెలిసే చేశాను. కూర మాడింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన మొత్తం తిన్నారు.

మూడింటికి ఫోను మోగింది. ఇద్దరం లేచాం. లోను కావాలా అని ఎవరో.

ఆరు దాటాక వీధి చివర చప్పుడు. స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట గీరుకుంటూ వచ్చింది కారు. మౌక్తిక దిగి, నాలుగో స్థానమమ్మా అంది. నాకది తరవాత అర్థమైంది. అప్పుడు నేను దాని చేతులు, కాళ్లు చూస్తున్నాను.

ఆయన టార్చి తెచ్చి క్వార్టర్ల ముందు నేల మీద బోర్లా పడుకున్నారు. ఒకవైపు చూశారు. రెండో వైపు చూశారు.

"ఒకటి వంకరగా గీసినావు," అన్నారు లేచి. "ఇరగలేదు."

నిన్నటి నుంచి నాతో మాట్లాడటం అదే మొదలు.

సెప్టెంబరు 19

షెడ్డుకి వెళుతూ ఆయన నన్ను చెయ్యి చాపమన్నారు. రెంచికి కట్టిన ఎర్ర దారం. నిన్న నిమజ్జనమయ్యాక విప్పి తెచ్చారట. మణికట్టుకి ముడి వేసి, లాగి చూశారు.

నెయిల్ పాలిష్ తెమ్మన్నారు. ముడి మీద గీత పెట్టారు.