నాలుగు నుంచి ఆరు దాకా

రాజమండ్రి,
ఆదివారం, 9 జూలై 2006.
మబ్బు, ఉక్క. పొద్దున్నే బాల్కనీ తూములో చేరిన చెత్త తీశాను.

నా సూర్యకళకి,

అక్కడ మండపేటలో మావయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందని రాశావు. సంతోషం. ఇక్కడ ఇంట్లో వైర్‌లెస్ పెట్టాను. రెండు రోజులు పట్టింది.

మోడెము హాల్లో ఫోను పక్కనే ఉండాలి. అమ్మాయేమో కంప్యూటర్ని వెనక గదిలోకి మార్చుకుంది. “ఆ ఫోను పక్కన నేనిక కూర్చోను నాన్నా” అంది. అందుకని తీగ లేకుండా గదిలోకి నెట్టు అందించే పెట్టె ఒకటి తెచ్చాను. దాని పుస్తకం ఇంగ్లీషులో ఉంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. హాల్లో బాగానే అందింది, వెనక గదికి చేరలేదు. గోడ అడ్డమనుకున్నాను. గోడ కాదు, నైరుతి మూలనున్న నీ ఇనప బీరువా. దాన్ని జానెడు జరిపినా ఊరుకోవని పెట్టెనే తీసి వంటింటి గుమ్మం పైన బిగించాను. ఇప్పుడు అందుతోంది.

నెట్టు నడుస్తుండగా మన నంబరుకి ఫోను చేయమని పక్కింటి లోవమ్మగారిని అడిగాను. మోగింది. మోగుతూనే ఉంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, “ఏంటండీ చంద్రరావు గారూ, మీరే చెయ్యమంటారు, మీరే ఎత్తరు! అలిగిన పెళ్ళికొడుకుని బతిమాలినట్టు బతిమాలాలేంటండీ?” అంది. నవ్వేసి ఊరుకున్నాను. ఎత్తడానికి చెయ్యి రాలేదు.

ఎందుకో నీకు రాయాలి. ఫిబ్రవరిలో అత్తయ్యగారికి ప్రాణం మీదకి వచ్చిన రోజు మీ తమ్ముడు వెంకటరమణ నాలుగు నుంచి ఆరు దాకా ఫోను చేస్తూనే ఉన్నాడు. ఎంగేజ్. అప్పట్లో నెట్టు నడిస్తే ఫోను మోగేది కాదు. సెల్లు కొందామని నువ్వంటే, ఇంట్లో ఫోనుండగా ఎందుకన్నదీ నేనే. ఐదో అంతస్తులో పేరంటం నుంచి నువ్వు దిగొచ్చేసరికి కంప్యూటరు ముందు మన అమ్మాయి నాగదుర్గ ఉంది. ఆవిడ పోయాక కబురు తెలిసి, “మా అమ్మ కడచూపు దక్కకుండా చేశావే” అన్నావు. ఈ ఐదు నెలల్లో దానితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రెండు గంటలూ ఆ కుర్చీలో ఉన్నది నేను. పాత వాల్వు రేడియోల సర్క్యూట్లు చూస్తున్నాను. ఒక్కో బొమ్మ గీత గీతగా దిగుతుంటే, ఇదొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ కూర్చున్నాను. కాలేజీ నుంచి అది అప్పుడే వచ్చింది. నేను లేచాక పది నిమిషాలు కూడా కూర్చోలేదు. నువ్వు తిడుతుంటే నా వైపు ఒకసారి చూసింది. నేను నోరు విప్పలేదు. అదీ విప్పలేదు. ఇవాళ్టి దాకా ఆ మాట ఎత్తలేదు.

అలిసిపోయాను సూర్యా. కోపం నా మీద ఉంచుకో. దాన్ని వదిలెయ్యి.

చంద్రరావు


మండపేట,
శుక్రవారం, 14 జూలై.

ఏవండీ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ సంగతి నాకు తెలుసు.

అమ్మ పోయిన ఐదో రోజు బట్టల కోసం ఇంటికి వచ్చాను కదా. మీ రోజువారీ పుస్తకం బల్ల మీద ఉంది. బల్బు మార్చినా, కుళాయికి వాషరు వేసినా రాసే మనిషి మీరు. ఆ రోజు పేజీలో “ఎండ. ఫ్యానుకి నూనె వేశాను” అని ఉంది. కింద అంతా ఖాళీ. మీ పుస్తకంలో ఖాళీ పేజీ చూడటం అదే మొదలు. అమ్మాయి తప్పయితే రాసేవారే.

మీ నోటితో మీరే చెబుతారని చూశాను. చూస్తూ చూస్తూ తెలిసి కూడా పిల్లని దూరం పెట్టాను. మీది రెండు గంటల తప్పయితే నాది ఐదు నెలలది.

వచ్చే శనివారం నాలుగింటికి ఫోను చేస్తాను. నెట్టు ఆపొద్దు. మీరు ఎత్తొద్దు, దాన్ని ఎత్తనివ్వండి. బీరువా జోలికి మాత్రం వెళ్ళకండి.

సూర్యకళ


రాజమండ్రి,
శనివారం, 22 జూలై.
పొద్దున్నుంచీ వాన. నీళ్ళ డ్రమ్ము కడిగి నింపాను.

సూర్యా,

నీ ఉత్తరం నాగదుర్గకి ఇచ్చాను. చదివి మడిచి, “టైము నాలుగే కదా నాన్నా?” అంది. అంతే. నేనేదో చెప్పబోతే, “తెలుసులే” అంది.

మూడున్నరకే తన కుర్చీ తెచ్చి ఫోను పక్కన వేసుకుంది. వెనక గదిలో నెట్టు నడుస్తూనే ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి, పక్క గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను.

మోగింది. రెండో రింగుకే ఎత్తింది. “అమ్మా” అంది. ఇప్పుడు నవ్వుతోందో ఏడుస్తోందో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. “నాన్నా, రా, అమ్మ నిన్ను పిలుస్తోంది” అంటోంది. పొయ్యి మీద పాలు పొంగుతు...